సెల్లులు తీసిన బ్యాటరీ

మా దిక్కు టార్చిలైటును బ్యాటరీ అంటారు, లోపల వేసేవాటిని సెల్లులు అంటారు. మా బా చేతిలో ఉండే బ్యాటరీ మూడు సెల్లులది, స్టీలుది, మూరెడు పొడవు. నెల్లికుదురు దగ్గర మా తండాను ఆనుకుని ఒక పటేలు మిర్చి కల్లం ఉండేది, దానికి ఆయన కాపలా. బా అంటే మా లంబాడీ మాటలో నాయిన, యాడి అంటే అమ్మ. మా ఇంట్లో మాటలన్నీ ఆ భాషలోనే సాగేవి, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

ఆ బ్యాటరీతో బా అడవిపందులను తరిమేవాడు, మిర్చి దొంగలను వెతికేవాడు, యాడిని కొట్టేవాడు. పందులకు తెలివి ఎక్కువ, వెలుతురు పడగానే మాయమయ్యేవి. యాడి మాత్రం పొయ్యి ముందే కూర్చుని ఉండేది. కూరలో ఉప్పు తక్కువైతే ఒక దెబ్బ, పటేలు తిడితే ఇంకో దెబ్బ, పటేలు మెచ్చుకున్న రోజు సంతోషంతో తాగొచ్చి మరో రెండు. కారణం కోసం ఆయన ఎన్నడూ పెద్దగా వెతుక్కోలేదు. పటేలింట్లోనూ కొట్టుకునేవాళ్లు, కాకపోతే తలుపులు వేసుకుని. మా చెల్లె నాకన్నా చాలా చిన్నది, మంచం కిందికి దూరి చెవులు మూసుకునేది. నేను కళ్లు మూసుకునేదాన్ని కాదు. ఆయన చెయ్యి విరిగిపోవాలని కోరుకుంటూ చూసేదాన్ని, ఒక్క చెయ్యి విరిగితే ఏం సరిపోతుందని మళ్లీ నాకే అనిపించేది.

ఒకనాడు యాడి నెత్తి పగిలింది. రక్తం చెవి వెనక నుంచి కారి రైకంతా తడిసింది. నెల్లికుదురు దవాఖానలో డాక్టరు ఎట్ల తాకిందని అడిగాడు. "కల్లంల కాలు జారి పడ్డ సారూ" అన్నది యాడి. పక్కనే బా నిలబడి ఉన్నాడు, చంకలో బ్యాటరీ పెట్టుకుని. డాక్టరు కుట్లు వేసి పంపించాడు. ఆ కుట్ల దగ్గర వెంట్రుకలు మళ్లీ మొలవలేదు, పాపిట పక్కన బొటనవేలంత బోడి మచ్చ మిగిలింది. ఎవరైనా వస్తే ఇప్పటికీ యాడి కొంగు దాని మీదికి లాక్కుంటుంది.

మర్నాడు పొద్దున బా పడుకున్నాక ఆ బ్యాటరీని చేతిలోకి తీసుకున్నాను. వెనక మూత విప్పి సెల్లులు నేల మీదికి దొర్లించాను. ఖాళీ గొట్టంతో నా తొడ మీద కొట్టుకుని చూశాను. సెల్లులు వేసి మళ్లీ కొట్టుకున్నాను. సెల్లులు లేని గొట్టం చుర్రుమనిపించింది, సెల్లులున్నది ఎముక దాకా దిగింది. నా జీవితంలో నేను చేసిన మొదటి ప్రయోగం అదే, ఫలితం కూడా స్పష్టంగానే వచ్చింది.

తీసిన సెల్లులు మళ్లీ ఎవరికీ దొరకకూడదు కదా. తండా వెనక బండ మీద పెట్టి రాయితో చితక్కొట్టాను. పైనున్న రేకు చీలింది, లోపల నుంచి తడి తడిగా నల్లటి ముద్ద వచ్చింది, నడుమ ఒక బొగ్గు పుల్ల. చేతులు, మొహం, లంగా నల్లగా అయ్యేదాకా కొట్టాను. సెల్లులను కొడుతున్నానా, బాను కొడుతున్నానా అని ఎవరైనా అడిగి ఉంటే ఏం చెప్పేదాన్నో తెలియదు. బా కొత్త సెల్లులు వేసినప్పుడల్లా తీసి చితక్కొట్టి, ఆ ముద్దను కాగితంలో చుట్టి బడికి తీసుకుపోయేదాన్ని. మా బడిలో శనివారం శనివారం పిల్లలమే బ్లాక్‌బోర్డుకు నలుపు పూసేవాళ్లం, దొండాకు పసరులో సెల్లుల మసి కలిపి. నేను తెచ్చినంత మసి ఇంకెవరూ తెచ్చేవాళ్లు కాదు. సారు మెచ్చుకునేవాడు. యాడికి దెబ్బల బరువు తగ్గిన కొద్దీ మా బడి బోర్డు నల్లగా నిగనిగలాడింది.

బా మాత్రం నెల్లికుదురులో సెల్లులమ్మే కోమటితో కొట్లాటకు దిగాడు. తన సెల్లులు ఎలుకలు ఎత్తుకుపోతున్నాయని ఆయనను తిట్టడం ఏంటో నాకు ఇప్పటికీ అర్థం కాదు. చివరికి ఒకనాడు బండ దగ్గర నన్ను పట్టుకున్నాడు. చేతిలో ఉన్న దానితోనే నన్నూ కొట్టాడు. అది ఖాళీ గొట్టం. నేనే ఖాళీ చేసింది. ఏడుస్తూ ఏడుస్తూనే నవ్వొచ్చింది, ఆ నవ్వుకు ఇంకో రెండు ఎక్కువ పడ్డాయి.

ఆ నల్ల ముద్ద పేరు మాంగనీస్ డయాక్సైడ్ అని ఇంటర్‌లో తెలిసింది. లెక్చరర్ బోర్డు మీద రాస్తుంటే నా ముక్కుకు ఆ మసి వాసన కొట్టింది. తర్వాత చదువంతా నన్ను దాని చుట్టూనే తిప్పింది. హాస్టల్లో నా మాట విని, సినిమాలో పనిమనిషి లాగా మాట్లాడుతున్నావే అని కోస్తా అమ్మాయిలు నవ్వేవాళ్లు. ల్యాబులో ఒకనాడు ఒకతె మీదికి కోనికల్ ఫ్లాస్కు విసిరాను. తగల్లేదు. ఆ బాధ ఇంకా ఉంది. ఎట్లాగో పీహెచ్‌డీ అయింది. ఇప్పుడు జనగామలో ఒక డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. మిగిలిన టైములో కాలేజీ వెనక ఒక మూల గదిలో మాంగనీస్ ఆక్సైడు నానో తీగలు చేస్తాను. లిథియం బ్యాటరీలో ఎలక్ట్రోడుగా అవి ఎంతకాలం పనిచేస్తాయన్నదే నా పరిశోధన.

చేసే పద్ధతి చూస్తే వంట లాగే ఉంటుంది. బావుల్లో నీళ్లు శుభ్రం చేయడానికి వేసే ఊదారంగు పర్మాంగనేటును నీళ్లలో కరిగించి, ఇంకో మాంగనీసు ఉప్పు కలిపి, టెఫ్లాన్ గిన్నెలో పోస్తాం. ఆ గిన్నెను ఉక్కు డబ్బాలో దించి, మూత బిగించి, ఓవెన్లో పెడతాం. లోపల ఆవిరికి బయటికి పోయే దారి ఉండదు. ఆ ఒత్తిడికే ఆక్సైడు సన్నటి తీగలుగా పెరుగుతుంది. యూనివర్సిటీకి తీసుకుపోయి మైక్రోస్కోపు కింద పెడితే వరిగడ్డి కుప్ప పోసినట్టు కనిపిస్తుంది. వెంట్రుకను నిలువునా వెయ్యి పేలికలు చేస్తే వచ్చేంత సన్నం.

బ్యాటరీ ఛార్జి అవుతుంటే బయట మనకు చిన్న దీపం కనిపిస్తుంది. లోపల జరిగేది మాత్రం కొట్లాట. మాంగనీసు ఆక్సైడులోకి లిథియం తోసుకుని వస్తుంది. దాని ఆక్సిజన్‌ను గుంజుకుంటుంది. ఆక్సైడు ఉబ్బుతుంది, విరుగుతుంది, మాంగనీసు నలుసులు నలుసులుగా మిగులుతుంది. బ్యాటరీ వాడుకున్నప్పుడు లిథియం వెళ్లిపోతుంది, విరిగిందంతా మళ్లీ కూడుకోవాలి. కూడుకుంటుంది కానీ మునుపటి లాగా కాదు. మళ్లీ ఛార్జి పెడతాం, మళ్లీ తోపులాట. రేణువు పెద్దదైతే కొన్నాళ్లకే పిండి పిండి అయి, కింద అతికించిన రాగి రేకును వదిలేస్తుంది. మామూలుగా వాడే గ్రాఫైటు కన్నా రెండు మూడు రెట్లు లిథియం పట్టే సరుకు ఇది, చవకైనది కూడా. ఈ పగుళ్ల వల్లనే బ్యాటరీ కంపెనీలేవీ దీన్ని ఇంటికి రానివ్వడం లేదు. అందుకే నానో తీగల తిప్పలు. తీగకు తీగకు మధ్య ఖాళీ ఉంటే, ఉబ్బినప్పుడు ఆ ఖాళీలోకి జరుగుతుంది, పగలదు. పైన కార్బన్ పూత పూస్తే ఇంకొంత కాలం నిలుస్తుంది.

ఏ సదస్సుకు పోయినా నన్ను అడిగే ప్రశ్న ఒకటే. ఎన్నిసార్లు తట్టుకుంటుంది మేడం? నేను గ్రాఫు చూపించి, ఇన్నిసార్లు తట్టుకుంది అని గర్వంగా చెప్పేదాన్ని. చప్పట్లు కొట్టేవాళ్లు. ఆ మాటలో తప్పేముందో చాలాకాలం నాకు తట్టలేదు.

బా లివరు చెడి చనిపోయాడు. నేను ఏడవలేదు, చెల్లె ఏడ్చింది. అంతకుముందే చెల్లెకు పెళ్లయింది. చెల్లె మొగడు, అంటే నాకు మరిది, భూపాలపల్లిలో బొగ్గు గని దగ్గర ఒక కాంట్రాక్టరు కింద రాత్రి కాపలా. ఆ మాట వినగానే చేతిలో ఏం పట్టుకుంటాడని అడిగాను. పెళ్లిచూపుల్లో అడగాల్సిన ప్రశ్న అదేనా అని యాడి నన్ను కసిరింది. వాళ్లకు ఒక బిడ్డ పుట్టింది, ఇప్పుడు బడికి పోతుంది. నన్ను పెద్దమ్మా అని పిలుస్తుంది. బ్యాటరీల పెద్దమ్మ అని కూడా పిలుస్తుంది, ఆ పిలుపు నాకు చాలా ఇష్టం.

మొన్న ఎండాకాలం చెల్లె దవడ వాచి తండాకు వచ్చింది. మరిది కొట్టింది చేత్తో కాదు. కాపలా వాళ్లు పట్టుకునే ఛార్జింగ్ బ్యాటరీతో. లావుపాటి అల్యూమినియం గొట్టం, లోపల లిథియం సెల్లులు. తండా పెద్దలు పంచాయితీ పెట్టారు. మగవాళ్లంతా వేపచెట్టు నీడలో కుర్చీల్లో కూర్చున్నారు, ఆడవాళ్లం వెనక చాపల మీద. ఒక ముసలి పెద్దమనిషి గొంతు సవరించుకుని, "ఒక్కసారి చెయ్యి లేసిందని సంసారం ఇడ్సిపెడ్తరా బిడ్డా?" అన్నాడు.

"ఒక్కసారా? దాని దవడ సూడుండ్రి. నోరు తెరువొస్తలేదు దానికి" అన్నాను నేను, వెనక నుంచి లేచి నిలబడి.

"నువ్వు సదువుకున్నదానివి మేడం, జర ఊకో. నీకు సంసారం సంగతి తెల్వది."

నాకు పెళ్లి కాలేదన్న సంగతి ఆయన అంత మర్యాదగా గుర్తుచేశాడు. ఒళ్లు మండిపోయింది. నేను ఇంకేదో అనబోతుంటే యాడి నా చీర కుచ్చిళ్లు పట్టి కిందికి గుంజింది. "తట్టుకుంటది" అన్నది యాడి, అందరికీ వినపడేటట్టు. "నేను తట్టుకోలేదా? నా బిడ్డ గూడ తట్టుకుంటది."

సదస్సులో నేను చెప్పే మాట అది. అదే గర్వంతో చెప్పింది యాడి. ఆమె నెత్తి మీద కొంగు కింద ఉన్న బోడి మచ్చ నాకు తెలుసు కదా. నేను చాప మీద కూర్చుండిపోయాను.

మా తండాలో పంచాయితీ తెగిందంటే, కొట్లాడుకున్న రెండు దిక్కుల వాళ్లూ కలిసి కూర్చుని తాగాలి. తాగితేనే రాజీ. తాగకపోతే పెద్దలను కాదన్నట్టు. ఆ రోజు పెద్దలు చెల్లెతోనే గ్లాసుల్లో పోయించారు. పెళ్లాన్ని కొట్టినందుకు కూర్చోబెట్టి, కొట్టకూడదని చెప్పి, అదే పెళ్లాం చేత్తో తాగించి పంపించారు. వాచిన దవడతో అది గ్లాసు అందిస్తుంటే మరిది, "ఇగ లొల్లి జెయ్యకు" అని నవ్వాడు. పెద్దలు కూడా నవ్వారు. ఆ తాగింది తాగినట్టే బస్సెక్కాడు, పక్కన చెల్లెను, బిడ్డను కూర్చోబెట్టుకుని. దారిలో ఏమైందో నాకు ఎవరూ చెప్పలేదు. చెల్లె వారం పాటు ఫోను ఎత్తలేదు.

ఆ తర్వాత ఒకనాడు పొద్దున, కాలేజీ గదిలో పెద్ద చప్పుడైంది. ఒక విద్యార్థిని, పొడి ఎక్కువ వస్తుందన్న ఆశతో, టెఫ్లాన్ గిన్నెను అంచు దాకా నింపి మూత బిగించింది. పైన కొంత ఖాళీ వదలాలని నూరుసార్లు చెప్పాను. నీళ్లు ఉబ్బడానికి చోటు దొరకలేదు. ఉక్కు మూత ఓవెను తలుపును పీక్కుని పోయి ఎదురుగోడకు తగిలింది, సున్నం పెచ్చులు రాలాయి, గదంతా ఊదారంగు మరకలు. అదృష్టం, ఎవరూ ఎదురుగా లేరు. ఆ పిల్లను ఎంత తిట్టానో నాకే తెలియదు. "ఖాళీ ఉంచాలె అని చెప్పిన గదనే! ఖాళీ లేకుంటె ఎక్కడికి పోతది అది?" అని అరుస్తుంటే నా గొంతు బా గొంతు లాగా వినిపించింది. నోరు మూసుకుని బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను.

అప్పుడు ఫోను మోగింది. చెల్లె నంబరు, మాట్లాడింది చెల్లె కూతురు. గుసగుసగా.

"పెద్దమ్మా, నీకు బ్యాటరీల గురించి అంత తెలుసు గదా. మా బాపు ఛార్జింగ్ బ్యాటరీల సెల్లులు ఎట్ల తియ్యాలె?"

నేను పంతులమ్మను కదా, నోరు దానంతట అదే మొదలుపెట్టింది. "ఎనుక మూత ఉంటది సూడు, గుడ్డ ఏసి పట్టుకొని ఎడమ దిక్కుకు..." అన్నాను. అనేసి ఆగాను.

"ఎందుకే?"

"బరువు తగ్గుతది గదా. నిన్న దినమంతా లైటు ఏసే ఉంచిన పెద్దమ్మా. ఛార్జింగ్ అయిపోయింది గని బరువు తగ్గలే."

మెట్ల మీద ఎండ కొడుతోంది. ఫోను రెండో చెవికి మార్చుకున్నాను. నేను బా సెల్లులు తీసిన సంగతి ఈ భూమ్మీద ఒక్కరికి కూడా చెప్పలేదు. యాడికి చెప్పలేదు, చెల్లెకు చెప్పలేదు. కొట్టిన బా పోయాడు. ఈ పిల్ల తనంతట తాను అక్కడికే వచ్చింది. దానికి మూత విప్పడం నేర్పితే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. విప్పుతుంది. చెల్లెకు దెబ్బలు కొంచెం తేలికవుతాయి. తేలికయ్యాయి కాబట్టి చెల్లె ఇంకా ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది. యాడి అట్లాగే ఉండిపోయింది. నేను దెబ్బ తగ్గించానని ఇన్నాళ్లూ మురిసిపోయాను, దెబ్బ ఆపింది ఎవరు?

"తియ్యకు" అన్నాను. "సెల్లులు అట్లనే ఉండనియ్యి. నేనొస్తున్న. అమ్మకు గూడ చెప్పకు."

పర్సు, ఫోను తప్ప ఏమీ తీసుకోకుండా బస్సెక్కాను. హనుమకొండలో మారాను. పరకాల దాటాక, రేగొండ దగ్గర పత్తి చేన్ల నడుమ బస్సు ఆగితే డ్రైవరును దిగి కొట్టాలనిపించింది. పాపం ఆయన నీళ్లు తాగడానికి ఆపాడు. కోపం ఎవరి మీద ఉందో వాళ్లు దూరంగా ఉన్నప్పుడు దగ్గరున్న వాళ్లంతా దుష్టుల్లాగే కనిపిస్తారు.

నేను చేరేసరికి ఓపెన్‌కాస్ట్ గనిలో బ్లాస్టింగ్ అవుతోంది. భూమి అదిరింది, చెల్లె వాళ్ల ఇంట్లో గిన్నెలు గలగలమన్నాయి. ఆ కాలనీలో ప్రతి గోడకూ పగుళ్లే. తలుపు తీసింది చెల్లె కూతురు. నన్ను చూసి వేలితో గోడ వైపు చూపించింది. ప్లగ్గుకు ఆ బ్యాటరీ వేలాడుతోంది. పచ్చ దీపం వెలుగుతోంది.

చెల్లె పొయ్యి దగ్గర జొన్నరొట్టెలు కాలుస్తోంది. దవడ ఒక దిక్కు పసుపు పచ్చగా, కంటి కింద కొత్త నలుపు. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన మరిది లోపలి గదిలో నిద్రపోతున్నాడు. "గట్టిగ మాట్లాడకు బాయీ, లేస్తడు" అన్నది. బాయి అంటే మాలో అక్క.

"లేవనియ్యి. బిడ్డ బట్టలు సంచిల ఎయ్యి. పోదాం."

"యాడి ఏమంటదో. పెద్దమనుషులు ఏమంటరో. రాజీ అయినంక పోతె తప్పు మనమీదికొస్తది." అది మాట్లాడుతుంటే దవడ ఒక పక్కకు లాగుతోంది.

"నీ బిడ్డ నాకు ఫోన్ చేసింది" అన్నాను. ఎందుకు చేసిందో చెప్పాను. బరువు తగ్గించడానికి సెల్లులు ఎట్లా తీయాలని అడిగిందని చెప్పాను. చెల్లె చేతిలో రొట్టె అట్లాగే ఉండిపోయింది. బిడ్డ వైపు చూసింది. బిడ్డ తల దించుకుంది, తప్పు చేసినట్టు.

అప్పటికే మరిది లేచి గడప మీద నిలబడి ఉన్నాడు. మొదట నవ్వు మొహమే పెట్టాడు. "వదినె, ఎప్పుడొచ్చినవ్? ఫోన్ జేస్తె బస్టాండుకు రాకపోదునా?"

"చెల్లెను, బిడ్డను తీస్కపోతున్న."

"పంచాయితీ అయ్యింది గద. మీ పెద్దమనుషులే కలిపిండ్రు, మీ చెల్లెనే పోసింది. ఇగ నువ్వెవలు నడుమ?"

"నేనెవలో తెల్వదా? దాని అక్కను."

నేను బిడ్డ చెయ్యి పట్టుకున్నాను. వాడు ప్లగ్గులోంచి బ్యాటరీని వైరుతో సహా పీకాడు. నేను చూస్తూనే ఉన్నాను, అయినా తప్పుకోలేదు. దెబ్బ నా భుజం ఎముక మీద పడింది. చిన్నప్పుడు తొడ మీద నేను కొట్టుకున్నది పిల్లచేతి దెబ్బ. బా నన్ను కొట్టింది ఖాళీ గొట్టంతో. లోపల సెల్లులుండగా, మగవాడి చెయ్యి ఎత్తి కొడితే ఎట్లా ఉంటుందో నాకు ఆ క్షణం దాకా తెలియదు. చెయ్యి మొద్దుబారింది, కళ్ల ముందు తెల్లగా అయింది. యాడి ఇన్నేళ్లు తిన్నది ఇదా అనుకున్నాను. అనుకుని, పక్కనున్న స్టీలు బిందెను మంచి చేత్తో ఎత్తి వాడి మొహం మీద వేశాను. నీళ్లతో సహా. ముక్కు నుంచి రక్తం వచ్చింది. నాకు సంతోషమైంది. అబద్ధం ఎందుకు చెప్పాలి, చాలా సంతోషమైంది.

వాడు తుడుచుకోలేదు. బ్యాటరీని మళ్లీ ఎత్తాడు, ఈసారి నా తలకు గురిపెట్టి. బిడ్డ నా కాళ్లను చుట్టుకుని ఉంది, నేను కదిలే దారి లేదు.

దెబ్బ నా మీద పడలేదు. చెల్లె పొయ్యి మీది పెనాన్ని పట్టకారుతో ఎత్తి, ఎర్రగా కాలిన దాన్ని వాడి మణికట్టుకు తెచ్చి అద్దింది. వాడు కేక వేశాడు. చర్మం కాలిన వాసన రొట్టె వాసనలో కలిసింది. బ్యాటరీ కింద పడి గుమ్మం దాకా దొర్లింది. బిడ్డ నా కాళ్లు వదిలి దాన్ని రెండు చేతులతో ఎదకు హత్తుకుని, రోడ్డు మీదికి పరుగు తీసింది, వెనక తోక లాగా వైరు ఊగుతుండగా.

చెల్లె పెనం కింద పడేసింది. చెప్పులు కూడా వేసుకోలేదు. "బిడ్డ పోతున్నది బాయీ" అని బిడ్డ వెనక నడిచింది. పంచాయితీ, యాడి, తప్పు, రాజీ, ఏదీ మాట్లాడలేదు. కాలనీ అంతా బయటికి వచ్చి చూస్తోంది. మరిది గుమ్మంలో నిలబడి, కాలిన చెయ్యిని ఊదుకుంటూ, తండాలో ఎవరెవరికి ఫోను చేస్తాడో అరిచి చెబుతున్నాడు. ఎవరూ పట్టించుకోలేదు, నేను కూడా.

పోలీస్ స్టేషన్‌లో ఒక లేడీ కానిస్టేబుల్ మమ్మల్ని బెంచీ మీద కూర్చోబెట్టింది. చెల్లె కాళ్లు చూసి తన చెప్పులు విప్పి ఇచ్చింది, నీళ్లు తెచ్చింది. నా భుజాన్ని చూసి, ముందు దవాఖానకు పోతారా అని అడిగింది. ముందు రాసుకోండి అన్నాను. ఆమె కాగితం ముందు పెట్టుకుని, చెల్లె దవడ వైపు చూసి, "ఎట్ల తాకింది అక్కా?" అని మెత్తగా అడిగింది.

నెల్లికుదురు దవాఖాన గుర్తొచ్చింది. యాడి అడుగుతున్నవాడి కళ్లలోకి చూడకుండా, పడ్డానని చెప్పిన తీరు గుర్తొచ్చింది. చెల్లె కూడా కళ్లు నేలకు దించింది. పెదవులు కదిలాయి. మా ఇంటి ఆడవాళ్లు ఆ ప్రశ్నకు చెప్పే జవాబు ఒక్కటే, అది దాని నోటి దాకా వచ్చిందని నాకు తెలుస్తూనే ఉంది. నేను చెప్పొచ్చు. కానీ నేను చెబితే అది నా మాట అవుతుంది.

అప్పుడు బిడ్డ బెంచీ దిగింది. అప్పటిదాకా ఎదకు హత్తుకుని ఉన్న బ్యాటరీని తీసుకుపోయి బల్ల మీద పెట్టింది. బల్ల చప్పుడైంది.

"దీంతోని మేడం" అన్నది. "అండ్ల సెల్లులు ఉన్నయి. పెద్దమ్మ తియ్యద్దన్నది."

కానిస్టేబుల్‌కు ఆ మాట అర్థం కాలేదు. దాన్ని చేతిలోకి తీసుకుంది, బరువుకు చెయ్యి కొంచెం కిందికి వంగింది. చెల్లె తల ఎత్తి ఆ చెయ్యి వంగడం చూసింది.

"అవు మేడం" అన్నది చెల్లె. "పడలే. నా మొగడు కొట్టిండు. రాసుకోండ్రి."